రెండు మూడొందల నలభై దగ్గర

సాయంత్రం నాలుగింటికి డ్రాయింగ్ తెరిచాను,
శ్రీకాకుళం ఇరిగేషన్ ఆఫీసు మేడమీద గదిలో.
కరకట్ట ఉంది. నాగావళి ఎడమ గట్టు,
ఎర్ర గీత, దాని వంపులు, తూముల గుర్తులు,
కింద మూల ఈఈ గారి సంతకానికి ఖాళీ గడి.
నేల లేదు.

పసుపు త్రికోణంలో ఓ ఆశ్చర్యార్థకం,
పక్కన ఇంగ్లీషులో, సూచించిన ఫైలు దొరకలేదని.
దండెం తీసేసినా కింద పడని చీరలా
కట్ట గాల్లో వేలాడుతోంది.
రేపు పదకొండింటికి సీఈ గారు వస్తున్నారు.

మొదట నామీదే అనుమానం.
మూసి తెరిచాను. మిషన్నే ఆపి లేపాను.
తవిటినాయుడు వచ్చి "కేబులు కదిపావా?" అన్నాడు.
ఏ రోగానికైనా ఆయనదొకటే మందు.
కదిపాను.

అప్పుడు దారి చదివాను, మెట్టు తర్వాత మెట్టు:
జెడ్ డ్రైవు, అందులో సర్వే, అందులో ఎడమగట్టు, అందులో నేల.
జెడ్ అనేదే లేదిప్పుడు.
జూన్‌లో పిడుగు పడి పాత సర్వరు కాలిపోతే
కొత్తదానికి ఎవరో కుర్రాడు వై అని పేరుపెట్టి వెళ్లాడు.
డ్రాయింగుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
అది ఇంకా పాత ఇంటికే వెళ్లి తలుపు కొడుతోంది.

వైలో వెతికాను.
సర్వే. సర్వే కొత్తది. సర్వే కొత్తది అసలైనది.
తియ్యొద్దు.
పద్మలోచన మేడమ్ అడిగినవి.
పద్మలోచనని నేనే. ఏం అడిగానో గుర్తులేదు.

'తియ్యొద్దు'లో దొరికింది నేల.
దారి తిప్పి రాసి బొత్తం నొక్కితే
గోధుమరంగు గీతలు కట్టకింద పరుచుకుంటూ వచ్చాయి.
"చెప్పానా, కేబులే" అన్నాడు తవిటినాయుడు.

అయినా ఒకచోట చూపు ఆగింది.
రెండు మూడొందల నలభై నుంచి
రెండు అయిదొందల ఇరవై దాకా
నేల మరీ బుద్ధిగా ఉంది.
మా వైపు ఏ నేలా అంత బుద్ధిమంతురాలు కాదు.
సర్వే చుక్కలు వెలిగించి చూశాను.
నూట ఎనభై మీటర్లలో ఒక్కటీ లేదు.
ఇటు చివరి చుక్కకీ అటు మొదటి చుక్కకీ ముడేసి
మధ్య నేలని మిషనే ఊహించుకుంది.
ఇక్కడ ఏ పసుపు త్రికోణమూ లేదు.
దాని లెక్కలో ఏదీ పోలేదు.

సర్వేయరు బదిలీ మీద వెళ్లాడు, ఫోనెత్తడు.
స్టాఫు కర్ర పట్టిన అసిరయ్య ఎత్తాడు.

"అక్కడా? అక్కడ కర్ర పాతనేదమ్మా.
జీడితోట. ఆ మామ్మ కుక్కని వదిలీసింది,
కట్టకింద నా తోట పోద్ది, కొలవనివ్వనంది.
నడాన ఓ గెడ్డ ఉంటాది, నిలువెత్తు లోతు.
సారు రేపొద్దాం అన్నారు. రేపు ఆదోరం.
తరవాత మరి బిల్లెట్టీసినారు."

ఎవరి నిలువు అని అడిగాను.
"నా నిలువేనమ్మా."
అసిరయ్య ఎంత పొడుగో తలుచుకున్నాను.
మా గది గుమ్మం దగ్గర తల వంచడు.
అయిదున్నర అడుగులు అనుకుంటే,
వద్దు,
అనుకోవడమైతే మిషనూ చేసింది.

ప్రింటు ఇచ్చే ముందు ఆ ముక్క చెరిపేశాను.
నూట ఎనభై మీటర్లు తెల్లగా వదిలి
ఇక్కడ కొలవలేదు, అని తెలుగులోనే రాశాను.
తవిటినాయుడు చాలాసేపు చూశాడు.
కేబులు మాట ఎత్తలేదు.

ఎల్లుండికి జీపు అడిగాను. అసిరయ్య వస్తానన్నాడు.
కుక్కకి బిస్కెట్లు ఏడురోడ్ల దగ్గర కొంటాను.
మామ్మకి ఏం చెప్పాలో
ఇంకా తెలీదు.